తిరుపాలమ్మ చెయ్యెత్తలేదు

తిరుపాలమ్మకు మోకాళ్ళ నొప్పి తప్ప మనసులో ఏ బాధా లేదని ప్రభుత్వానికి రాసిచ్చింది నేనే. తొమ్మిది ప్రశ్నలు, తొమ్మిది సున్నాలు. కింద నా సంతకం: కామాక్షమ్మ, ఏఎన్‌ఎం, రాళ్ళదిన్నె విలేజ్ క్లినిక్. ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసులో నేను రాసిన అబద్ధాలు ఇంకా ఉన్నాయి. తూకం మిషన్ పాడైతే పిల్లల బరువు కంటితో చూసి వేయడం లాంటివి, అందరూ రాసేవే. ఇది ఆ లెక్కలోకి రాదు. ఈ సున్నాల మీద ఒక మనిషి ప్రాణం వేలాడింది. నాకు నోరెక్కువ, కోపం ఇంకా ఎక్కువ అని మా ఇంట్లో అంటారు. ఈ సంగతిలో ఆ కోపం ఎవరిమీద చూపించాలో వెతికి వెతికి చివరికి నా దగ్గరికే వచ్చాను. అందుకే రాస్తున్నాను.

ముందు తిరుపాలమ్మ ఎవరో చెప్పాలి. పుట్టింది ఉదయగిరిలో, కొండ కింద. పదేళ్ళు నిండకముందే కొండెక్కి కట్టెలు కొట్టి, మోపు తలకెత్తుకుని దిగేదట. పదహారో ఏట మా ఊరి వెంగయ్యను చేసుకుని వచ్చింది. వెంగయ్య వాళ్ళు చెరువు పక్కన గిరిజన కాలనీలో తరాలుగా ఉన్నవాళ్ళు. చెరువులో నీళ్ళుంటే చేపలు పడతారు, ఎండితే రెడ్ల కయ్యల్లో కూలికి పోతారు. తిరుపాలమ్మకు చేపల పని అబ్బలేదు. వల విసరమంటే వలతో పాటు తనూ పడేదని వెంగయ్య చచ్చేదాకా ఎగతాళి చేశాడు. వరికయ్యలో దిగితే మాత్రం ఆమెను అందుకునే మనిషి లేదు. నారు కట్ట ఎడమచేతిలో పెట్టుకుని వంగిందంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరస వంకరపోకుండా నాటేసేది. ముప్పై ఏళ్ళు దాటకముందే నాట్ల ముఠాకు మేస్త్రి అయింది.

రైతు ఫోన్ చేసేది మేస్త్రికి. ఎకరాకు ఇంత అని మాట్లాడేది మేస్త్రి. ముఠాలో ఎవరు ఉండాలో, ఎవరు వద్దో చెప్పేది కూడా మేస్త్రే. కయ్యలో మొదటి వరస ఆమెది. ఈ ముఠాల్లో ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రి నడుమెత్తేదాకా వెనకున్నవాళ్ళు ఎవరూ నడుమెత్తకూడదు. ఒకరు లేచారని ఇంకొకరు, ఆమెను చూసి మరొకరు లేస్తే పొద్దుగుంకినా ఎకరం తెగదు. అందుకని అందరి కళ్ళూ ఆమె వీపు మీదే ఉంటాయి. ఈ సంగతి నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసి కూడా బుద్ధిలేని పని చేశాను. అదెలాగో వస్తుంది, చెబుతాను.

నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో కాలనీలో పిల్లలకు సూది వేయాలంటే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని చెరువు కట్ట దాటి పారిపోయేవాళ్ళు. పట్టపగలు ఖాళీ గుడిసెల మధ్య ఐస్‌బాక్సు పెట్టుకుని కూర్చుని నేను ఏడ్చాను కూడా. తిరుపాలమ్మ కొడుకు సురేశ్‌బాబుకు అప్పుడు ఆరేళ్ళు. వాణ్ణి చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చి నా ముందు నిలబెట్టింది. ఆమె తెచ్చిందని తెలిసి ఒక్కొక్కతే వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం వెళ్ళబోతుంటే నా సూది కన్నా కయ్యలో జలగ నయమని, అది కరిచినట్టే తెలియదని అందరి ముందూ అనేసింది. అప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటలు అలాగే నడిచాయి. ఆమె నన్ను నర్సమ్మా అంటూనే తిట్టేది, నేను నవ్వుతూ పడేదాన్ని.

ఆరేళ్ళ కింద వెంగయ్య జ్వరంతో పోయాడు. సురేశ్‌బాబు బోరు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, రెండు నెలలకోసారి ఇల్లు చూస్తాడు. వాడి పిల్లలు హాస్టల్లో చదువుతున్నారు, ఇంట్లో ఉండేది అత్తా కోడళ్ళు. కోడలు మల్లీశ్వరి కూడా ముఠా మనిషే, అత్త పక్కనే రెండో వరస పట్టేది. చురుకైన పిల్ల. పని అత్త దగ్గరే నేర్చుకుంది, నోరు కూడా.

మోకాళ్ళు మొదలై నాలుగేళ్ళయింది. నాటు వేసేటప్పుడు నడుము పోతుందని అందరూ అనుకుంటారు, మోకాలి సంగతి ఎవరికీ తెలియదు. పిక్కల లోతు బురదలోంచి కాలు పెరికి వెనక్కి వేయాలి, రోజుకు కొన్ని వేల సార్లు. పెరికిన ప్రతిసారీ మోకాలు మెలిపడుతుంది. పొద్దున్నే నారు పీకాలంటే గొంతుక్కూర్చోవాలి. నలభై ఏళ్ళు ఆ పని చేశాక మోకాలు మాట వినడం మానేసింది. పాత చీర అంచు చింపి చీర లోపల బిగించి కట్టుకునేది. ఉదయగిరి పోయి పుట్టింటివాళ్ళ చేత ఆకు పసరు కట్టించుకుని వచ్చింది. చివరికి నేనే పోరుపెట్టి ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాను. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయిందన్నారు. కింద కూర్చోవద్దు, బురదలో దిగవద్దు, కుర్చీ వాడమని చెప్పారు. కుర్చీలో కూర్చుని నాట్లు ఏస్తారా సారూ అని అడిగింది అక్కడి డాక్టర్ని. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదని నేను ఆ రోజు గమనించలేదు.

ఎక్స్‌రే సంగతి ఎవరికీ చెప్పవద్దని దారంతా బతిమాలింది. మేస్త్రి మోకాళ్ళు పోయాయని, నాట్లకు పోయే అనంతసాగరంలో ఒక్క రైతు చెవిన పడితే ఇక ఫోన్ మోగదంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది, చెప్పుకుని ఏం లాభమంది. సరేనన్నాను. ఊళ్ళో ప్రతి ముసలి మోకాలికీ ఒక ఎక్స్‌రే ఉంది, ఇదొక వింతా అనుకున్నాను.

పోయిన కార్తీకంలో మాకు కొత్త పని వచ్చింది. ఆత్మకూరు నుంచి వచ్చే డాక్టర్ అశ్విత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. వయసు చిన్నది, మాట నెమ్మది. మోకాళ్ళు అరిగి ఏళ్ళ తరబడి నొప్పి పడేవాళ్ళలో చాలామందికి లోపల మనసు కూడా చెడుతుందట. నిద్ర పోతుంది, తిండి పోతుంది, ఎందుకీ బతుకు అనిపిస్తుంది. వాళ్ళు వచ్చి మోకాలు చూపిస్తారే గానీ ఇది చూపించరు, కాబట్టి మనమే అడగాలి. నలభై అయిదు దాటి మోకాళ్ళ నొప్పులున్న ప్రతి ఒక్కరినీ తొమ్మిది ప్రశ్నలు అడిగి, ఒక్కోదానికీ సున్నా నుంచి మూడు దాకా వేయాలి. మొత్తం పది దాటితే ఆత్మకూరు పంపాలి. తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏది వచ్చినా ఆ రోజే ఫోన్ చేయాలి. ఒక్కొక్కరినీ విడిగా, తలుపు దగ్గరేసి అడగండి సిస్టర్ అని రెండుసార్లు చెప్పింది. నేను పుస్తకంలో రాసుకున్నాను కూడా.

విడిగా అడగడానికి మా క్లినిక్‌లో ఉన్నది ఒకటే గది. అందులో సగం మందుల పెట్టెలు. రాసుకున్నదాన్ని మర్చిపోవడానికి ఆ సాకు చాలింది.

ఒక శుక్రవారం వానపడి కయ్యలు మునిగాయి, నాటు లేదు. ముఠా మొత్తం, రోజూ వాళ్ళను కయ్యలకు చేర్చే మస్తాన్ ఆటోలో క్లినిక్‌కు దిగింది, తిరుపాలమ్మతో కలిపి పదకొండు మంది. మోకాళ్ళకు బిళ్ళలు ఇస్తున్నారని విని వచ్చారు. గంటలో పోవాలన్నారు. పదకొండు మందిని విడివిడిగా అడిగితే సాయంత్రమవుతుంది. ఏం చేశాను? బోదకాలు మాత్రలు మింగించేటప్పుడు గడపలో అందర్నీ వరసగా కూర్చోబెట్టి, గర్భిణీలు ఉంటే చెయ్యెత్తండి అంటాం చూడండి, అలాగే వరండాలో కూర్చోబెట్టాను. నిద్ర సరిగా పట్టనివాళ్ళు చెయ్యెత్తండి అన్నాను.

పది తలలూ తిరుపాలమ్మ వైపు తిరిగాయి. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నిద్రకేంది, మస్తాన్ ఆటో ఎక్కితే చాలు గురకలేనని చమత్కారమాడింది. అందరూ నవ్వారు. ఒక్క చెయ్యి లేవలేదు. ఆకలి మందగించినవాళ్ళు అన్నాను. దేనిమీదా మనసు పోనివాళ్ళు అన్నాను. ప్రతిసారీ తలలు అటు తిరిగాయి, ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నేను గబగబా సున్నాలు వేసుకుంటూ పోయాను. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననిపిస్తోందా అని. శుక్రవారం పూట, పసుపు కుంకాలతో కూర్చున్న ఆడవాళ్ళను పట్టుకుని ఆ మాట ఎలా అడుగుతాం? అడగలేదు. అడగకుండానే అందరికీ సున్నాలు వేశాను. అరగంటలో పని అయిపోయింది, బిళ్ళలిచ్చి పంపేశాను, చాలా తెలివైనదాన్ననుకున్నాను.

నెలాఖరు మీటింగులో డాక్టరమ్మ నా కాగితాలు తిరగేసింది. ఇంతమందికి మోకాళ్ళు అరిగాయి, ఒక్కరికి కూడా నిద్ర చెడలేదా అని అడిగింది. మా పల్లెల ఆడవాళ్ళు మొండి మనుషులు మేడం, మీ పట్నం వాళ్ళలా కాదు అన్నాను, కొంచెం గట్టిగానే. విడిగానే అడిగారా అంది. అడిగానన్నాను. ఆమె నన్ను నమ్మలేదని ముఖం చూస్తే తెలిసింది. తప్పు పట్టలేదు. ఇంకొక్కసారి నిదానంగా అడిగి రాయండి, ఈసారి ఇళ్ళకు పోయి అడగండి అంది. ఆ చిన్నపిల్ల చేత చెప్పించుకోవడం నాకు ఎక్కడో గుచ్చుకుంది. తిరిగొచ్చే బస్సులో లోపల్లోపలే ఆమెను చాలా మాటలన్నాను.

అయినా పోయాను. మొదటి ఇంట్లో దేవకమ్మను అడిగాను, తలుపు దగ్గరేసి. నిద్ర ప్రశ్న దగ్గరే ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పన్నెండు వచ్చింది. రెండో ఆమెకు ఆరు. మూడో ఆమెకు పద్నాలుగు.  వరండాలో కూర్చుని నవ్విన మనుషులే వీళ్ళు. మూడు వారాల్లో తొమ్మిది మందినీ అడిగాను, అందులో మల్లీశ్వరి లేదు, ఆమె వయసు ముప్పయ్యారే కాబట్టి మా లెక్కలోకి రాదు. మిగిలింది తిరుపాలమ్మ ఒక్కతే. కావాలనే చివరికి పెట్టుకున్నాను. ఆమెకేం, రాయి అనుకున్నాను. పోతే ఎగతాళి చేస్తుందని కూడా అనుకున్నాను.

ఆ మూడు వారాల్లో ఏం జరిగిందో నాకు మస్తాన్ చెబితే తెలిసింది. షుగర్ చూపించుకోవడానికి వచ్చి, వేలికి సూది గుచ్చించుకుంటూ, ఈ మధ్య కాలనీలోకి ఆటో తిప్పడంలేదన్నాడు. ఎందుకని అడిగితే నసిగాడు. ముఠాల్లో ఇంకో పద్ధతి ఉందట, ఇన్నేళ్ళలో నాకు తెలియనిది. వెనకబడిపోయే మనిషిని నువ్వు రావొద్దని ఎవరూ నోటితో చెప్పరు. కలిసి తిన్న మనుషులు, ముఖాన ఎలా చెబుతారు? ఆమె నిలబడే చోట ఆటో ఆగదు, అంతే. ఒకరోజు ఆగదు, రెండోరోజు ఆగదు, మూడోరోజు ఆమె రావడం మానుకుంటుంది.

అనంతసాగరం రైతు ఒకాయన మొదటి వరస వెనకబడుతోందని గమనించాడు. ఆమె లేచేదాకా ఎవరూ లేవరు, ఆమె నిదానిస్తే అందరూ నిదానిస్తారు కదా. ఇట్లాగైతే బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళను పెట్టుకుంటానని మల్లీశ్వరికి ఫోన్ చేశాడు, అత్తకు కాదు. మల్లీశ్వరి మస్తాన్‌ను కాలనీలోకి రావొద్దంది, తనే నడిచి మెయిన్ రోడ్డు మీదికి పోయి ఎక్కడం మొదలుపెట్టింది. మొదటిరోజు తిరుపాలమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని ఇంటిముందు నిలబడే ఉందట. ఆటో రోడ్డు మీద పోతున్న శబ్దం వినపడుతూనే ఉండి ఉంటుంది.

"నేనేం చేస్తాను నర్సమ్మా," అన్నాడు మస్తాన్. "అప్పుడు ఆదిశేషమ్మ కాడ ఆపొద్దని ఈమె చెప్పింది. ఇప్పుడు ఈమె కాడ ఆపొద్దని కోడలు చెప్పింది. చెప్పినట్టు నడుపుతా ఉండా."

 ఆదిశేషమ్మ అదే ముఠాలో మూడో వరస మనిషి. రెండేళ్ళ కింద పోయింది. బావి దగ్గర కాలు జారిందన్నారు, మోకాళ్ళు బాగా లేవు కదా, జారే ఉంటుందన్నారు. ప్రమాదమని నా రిజిస్టర్‌లో రాసింది నేను. ఆదిశేషమ్మ పోయేనాటికి ఆటో ఆగడం మానేసి ఎన్ని రోజులైందని మస్తాన్‌ను అడిగాను. లెక్క చూసుకుని నెలన్నర అన్నాడు.

వాడి వేలికి దూది కూడా పెట్టకుండా బయల్దేరాను. నా మోకాళ్ళూ అంతంత మాత్రమే, అయినా ఆ రోజు పరిగెత్తినంత పని చేశాను. మధ్యాహ్నం మూడవుతోంది, కాలనీలో మనుషులు లేరు. తిరుపాలమ్మ కోళ్ళు పక్కింటి గంప కింద కనబడ్డాయి. నిన్న తనకు ఇచ్చేసిందని ఆ ఇంటి ముసలామె చెప్పింది, సంతోషంగా చెప్పింది. తలుపు తీసే ఉంది. తిరుపాలమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తలకు నూనె రాసుకుని దువ్వుకుని ఉంది. గూట్లో ఆధార్ కార్డు, పింఛను కాగితాలు, రేషన్ కార్డు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన ఒక చీటీ మీద సురేశ్‌బాబు నంబరు రాయించి పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు తిరిగే మనిషిని, ఆ కవరు ఎందుకో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దారి తప్పొచ్చినావా ఏంది అంది నన్ను చూసి. నేను తలుపు వేసి పక్కన కూలబడ్డాను. సంచిలోంచి కాగితం తీశాను. మళ్ళీ ఆ కాగితమేనా, మొన్న చెప్పినాం గదా అంది. మొన్న నేను అడగలేదు తిరుపాలమ్మా, ఇప్పుడు అడుగుతున్నా అన్నాను. ఆమె ఎగతాళి ఆపేసింది.

ఒక్కో ప్రశ్నా అడిగాను. నిద్ర పట్టి నెలలైందంది. రెండు రోజులుగా తినలేదంది. తను ఎందుకూ పనికిరాదనిపిస్తుందా అని అడిగితే అనిపించేదేంది, పనికిరాను గదా, అందరికీ తెలిసిందే గదా అంది. ఎనిమిది ప్రశ్నలకు ఇరవై ఒకటి అయ్యాయి. ఎప్పుడూ అడగకుండా దాటేసిన తొమ్మిదోది అప్పుడు అడిగాను. చచ్చిపోతే బాగుండుననిపిస్తోందా, రోజూనా, అప్పుడప్పుడా?

"రెండుసార్లు అనిపిస్తాది," అంది. "పొద్దున ఆటో రోడ్డు మీద పోయేటప్పుడు ఒకసారి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఒకసారి."

 ఆ శుక్రవారం ఎందుకు చెయ్యెత్తలేదు మహాతల్లీ అని అరిచాను, అరిచినందుకు సిగ్గుపడ్డాను. ఆమె నా మీద కోపం తెచ్చుకోలేదు.

"నేనెత్తితే అందరూ ఎత్తుతారు నర్సమ్మా. పదకొండు మందిమీ ఎత్తుంటే మరుసటి రోజు కయ్యలోకి ఎవురు దిగుతారు? నువ్వు దిగుతావా?"

ఆదిశేషమ్మ మాట ఆమే ఎత్తింది. మూడు రోజులు ఆదిశేషమ్మ మలుపు దగ్గర క్యారేజీ పట్టుకుని నిలబడి చెయ్యి ఊపిందట. మూడోరోజు ఆటోలోంచి ఆమె ముఖం చూశానని చెప్పింది. బావి కబురు తెలిసినప్పుడు కాలు జారిందని అందరికంటే ముందు అన్నది తనేనని చెప్పింది. పోలీసులకు, ఊరికి, నాకు. అబద్ధమని తనకు తెలుసు. "చేసుకున్నోళ్ళకి చేసుకున్నంత," అని కళ్ళు మూసుకుంది. కోడల్ని ఒక్క మాట అనలేదు. ఆ స్థానంలో ఉంటే తనూ అదే చేసేదంది, చేసింది కూడా కదా అంది.

నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మానసిక వైద్యుడు వచ్చేది గురువారం, ఆ రోజు సోమవారం. గురువారం దాకా ఆగొద్దు, ఇప్పుడే తీసుకురండి, ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దంది. మల్లీశ్వరికి ఫోన్ చేస్తే నాటు సగంలో ఉండాది, సాయంత్రం వస్తానంది. నాకు ఒళ్ళు మండింది. మీ అత్త కోళ్ళు పంచిపెట్టేసింది, వస్తావా రావా అన్నాను.  అరగంటలో మస్తాన్ ఆటోలో వచ్చింది, మోకాళ్ళ దాకా ఎండిన బురద. అత్తను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తనను తిడతానని ఎదురుచూసింది, నేను తిట్టాను కూడా. అప్పుడు నాకు జవాబు చెప్పింది. ఆమెను ఉంచుకుంటే పదిమందికీ పని పోయేది మేడం, ఆ పదిమంది పిల్లల కడుపులు మీరు నింపుతారా అంది. చెప్పి ఏడ్చింది.  తిరుపాలమ్మ గోడ పట్టుకుని లేచి, ఏడవబాకే, నాటు ఎవురికి అప్పచెప్పి వచ్చినావు అని అడిగింది.

ఆత్మకూరులో డాక్టర్ అశ్విత ఆమెతో గంటన్నర కూర్చుంది. మానసిక వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడి మందులు మొదలుపెట్టింది, మూడు రోజులు వార్డులో ఉంచింది. మల్లీశ్వరి మూడు రోజులూ మంచం దగ్గరే ఉంది. బయట బెంచీ మీద కూర్చుని నేను డాక్టరమ్మకు నిజం చెప్పేశాను. విడిగా అడగలేదని, చేతులెత్తించానని, తొమ్మిదోది అసలు అడగనే లేదని. మెమో ఇస్తుందనుకున్నాను. ఆమె ఇంకెక్కడెక్కడ ఇట్లాగే రాశారు సిస్టర్ అంది. మూడు ఊళ్ళ పేర్లు చెప్పాను. అవన్నీ మళ్ళీ చేద్దాం, నేనూ వస్తాను అంది. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు నెలలు గడిచాయి. అవన్నీ మళ్ళీ చేశాం. అరిగిన మోకాళ్ళవాళ్ళు నూట పద్నాలుగు మంది, పది దాటినవాళ్ళు ముప్పయ్యొక్కరు. నా పాత కాగితాల్లో పది దాటినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆదిశేషమ్మ రిజిస్టర్ పేజీ మాత్రం దిద్దడానికి వీల్లేదు.

తిరుపాలమ్మ దగ్గరికి ప్రతి మంగళవారం పోతున్నాను. మందులు మింగుతోంది. నిద్ర పడుతోంది, తింటోంది, మోకాళ్ళకు చెప్పిన వ్యాయామం గోడ పట్టుకుని చేస్తోంది. మొన్న మంగళవారం మళ్ళీ తొమ్మిది ప్రశ్నలూ అడిగాను. ఏడు వచ్చింది. తొమ్మిదోదానికి ఈ వారం ఒక్కసారి కూడా రాలేదంది. నాకు ప్రాణం లేచొచ్చింది. గెలిచావు తిరుపాలమ్మా అని ఆమె చెయ్యి పట్టుకుని ఊపాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చావాలని లేదు నర్సమ్మా. అది పోయినట్టే ఉండాది," అంది. "రోజూ తెల్లారి నాలుగుకే మెలకువ వస్తాది, నలభై ఏళ్ళ అలవాటు. లేచి కూచుంటాను. కూచోని ఏం చెయ్యాల? నువ్వు చెప్పు."

నాకు తోచినవన్నీ చెప్పాను. కోళ్ళు మళ్ళీ పెంచుకోమన్నాను. టీవీ చూడమన్నాను. మనవళ్ళు హాస్టల్ నుంచి వస్తే కథలు చెప్పమన్నాను, శనివారం గుడికి పోయి కూర్చోమన్నాను. ఆమె అన్నీ ఓపిగ్గా విన్నది. కయ్యలో పిల్లలు తప్పుగా నాటితే చూసినట్టు చూసింది నన్ను.

"అవన్నీ పొద్దు గడపడానికి. నేను అడిగేది పని," అంది.

  కాగితంలో ఆ మాట రాయడానికి చోటు లేదు, వెనక వైపు తిప్పి రాసుకున్నాను. మర్నాడు ఆత్మకూరు పోయినప్పుడు డాక్టరమ్మకు చూపించాను. ఆమె ముందు వైపు ఏడు చూసి నవ్వింది. తిప్పి వెనక వైపు చదివింది. దీనికి నేనేం రాయాలి సిస్టర్ అని నన్నే అడిగింది.